నెట్‌బుక్ కథ: లినక్స్‌తో వచ్చింది, ఏడాదిన్నర తిరక్కుండా విండోస్‌కి మారిపోయింది

ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుని, నాలుగు రోజులు వాడి, మళ్ళీ విండోస్‌కే వెళ్ళిపోయినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. ఎందుకు మార్చావురా అంటే "మనకి సెట్ అవ్వలేదు బ్రో" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అయితే ఒకప్పుడు ఒక మార్కెట్ మార్కెట్టే ఇలా వెనక్కి వెళ్ళింది. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

2007 అక్టోబర్‌లో తైవాన్ కంపెనీ ఏసస్ ఒక బుల్లి ల్యాప్‌టాప్ తెచ్చింది. పేరు ఈ-పీసీ. 7 అంగుళాల స్క్రీన్, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ స్టోరేజ్. నవ్వకండి, ఇప్పుడు మీ ఫోన్‌లో వాట్సాప్ ఒక్కటే అంత జాగా తినేస్తుంది! అమెరికాలో దీని ధర 399 డాలర్లు. అప్పటి ల్యాప్‌టాప్ రేట్లతో పోలిస్తే చాలా తక్కువ. ఇలాంటి వాటికే తర్వాత నెట్‌బుక్ అనే పేరు స్థిరపడింది.

మరి ఇందులో విండోస్ ఎందుకు లేదు? అదే ఏడాది జనవరిలో జనంలోకి వచ్చిన విస్టాకి డిస్క్‌లో 15 జీబీ ఖాళీ కావాలి. ఇక్కడ ఉన్నదే మొత్తం 4 జీబీ. అందుకే ఏసస్ లినక్స్ పెట్టింది. లైసెన్స్ ఖర్చు కూడా కలిసొచ్చింది. ఏసర్, డెల్, హెచ్‌పీ, ఎంఎస్ఐ... ఒక్కొక్కరుగా అందరూ లినక్స్ మోడళ్ళు దింపారు. మామూలు జనం షాపుకెళ్ళి డబ్బులిచ్చి లినక్స్ ల్యాప్‌టాప్ కొనుక్కోవడం అంత పెద్ద ఎత్తున అదే మొదటిసారి.

ఇక్కడ మైక్రోసాఫ్ట్‌కి చెమటలు పట్టాయి. పాత విండోస్ ఎక్స్‌పీ అమ్మకాల్ని 2008 జూన్ 30తో ఆపేద్దామని అప్పటికే నిర్ణయించుకున్నారు. కానీ ఏప్రిల్‌లో మాట మార్చారు. చిన్న, చవక ల్యాప్‌టాప్‌లకి మాత్రం ఎక్స్‌పీ 2010 దాకా ఇస్తామన్నారు. దానికో మెలిక కూడా పెట్టారు. ర్యామ్ 1 జీబీ దాటకూడదు, స్క్రీన్ సైజుకీ పరిమితి ఉంటుంది. అప్పటి నెట్‌బుక్‌లు చాలావరకు 1 జీబీ ర్యామ్‌తోనే ఎందుకొచ్చాయో ఇప్పుడు అర్థమైందా? మరీ శక్తిమంతమైన నెట్‌బుక్ వస్తే ఖరీదైన ల్యాప్‌టాప్ ఎవరు కొంటారు, అదన్నమాట లెక్క.

ఏసస్ తర్వాతి మోడల్ ఈ-పీసీ 900 చూడండి. అమెరికాలో రెండు రకాలకీ ఒకటే ధర. లినక్స్ తీసుకుంటే 20 జీబీ స్టోరేజ్, ఎక్స్‌పీ తీసుకుంటే 12 జీబీ. 8 జీబీ వదులుకుని మరీ ఎక్స్‌పీ కొన్నవాళ్ళున్నారు!

ఎందుకంటే అలవాటు. 2008 అక్టోబర్‌లో ఎంఎస్ఐ ప్రతినిధి ఒకరు ఓ మాట బయటపెట్టారు. ఎక్స్‌పీ నెట్‌బుక్‌లతో పోలిస్తే లినక్స్‌వి నాలుగు రెట్లు ఎక్కువగా వాపసు వస్తున్నాయట. డబ్బా తెరిస్తే తెలిసిన స్టార్ట్ బటన్ లేదు. ప్రింటర్‌తో వచ్చిన సీడీ పనిచేయదు. మన దగ్గరే తీసుకోండి, నెట్ డాంగిల్ గుచ్చితే దాని సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం రాసింది. మన ఊళ్ళో డీటీపీ సెంటర్ నడిపే అన్నకి పేజ్‌మేకర్ కావాలి, తెలుగు టైపింగ్‌కి అను స్క్రిప్ట్ కావాలి. రెండూ లినక్స్‌లో లేవు. పెళ్ళి శుభలేఖలు కొట్టుకుని బతికే మనిషిని లినక్స్ వాడమని ఎలా చెప్తాం? అది సోమరితనం కాదు, బతుకుతెరువు.

ఫలితం? అమెరికా నెట్‌బుక్‌లలో విండోస్ వాటా 2008 మొదటి ఆరు నెలల్లో 10 శాతం లోపు. 2009 ఫిబ్రవరికి 96 శాతం. మార్కెట్ సంస్థ ఎన్‌పీడీ లెక్కలంటూ మైక్రోసాఫ్టే చెప్పుకున్న అంకెలివి.

అయితే లినక్స్ పనికిరాదని తేలిపోయినట్టేనా? ఆగండి. అదే 2009లో డెల్ వాళ్ళు వేరే మాట చెప్పారు. వాళ్ళ మినీ 9 నెట్‌బుక్‌లలో సుమారు మూడో వంతు ఉబుంటు లినక్స్‌తోనే వెళ్ళాయి. వాపసులు? దాదాపు విండోస్ వాటితో సమానం! లినక్స్ అంటే ఏంటో కొనేవాళ్ళకి ముందే సరిగ్గా చెప్పడమే కారణమన్నారు. అసలు విషయం ఇదీ ఫ్రెండ్స్. తెలిసి ఎంచుకున్నవాడు వెనక్కి ఇవ్వలేదు. తెలియకుండా చేతిలోకి వచ్చినవాడు తిరిగిచ్చేశాడు.

మైక్రోసాఫ్ట్ గెలిచింది గానీ ఊరికే గెలవలేదు. 2009 జనవరిలో విండోస్ ఆదాయం 8 శాతం తగ్గిందని ప్రకటించి, మందగించిన పీసీ మార్కెట్‌తో పాటు చవక నెట్‌బుక్‌లనీ కారణంగా చూపించింది. ఆ ఏడాది అక్టోబర్‌లో నెట్‌బుక్‌ల కోసం విండోస్ 7 స్టార్టర్ వచ్చింది. అందులో వాల్‌పేపర్ కూడా మార్చుకోనివ్వలేదు! పోటీ ఉన్నప్పుడు చవగ్గా ఎక్స్‌పీ దొరికింది, పోటీ సన్నబడ్డాక వాల్‌పేపర్‌కి కూడా తాళం పడింది. లినక్స్ ఎప్పుడూ వాడనివాడికి కూడా లినక్స్ మార్కెట్లో ఉండటం వల్ల లాభమే.

ఇంకో తమాషా. ఎంఎస్ఐ ఆ వాపసుల మాట చెప్పిన 2008 అక్టోబర్‌లోనే మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ అమ్మకానికొచ్చింది. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లినక్స్ కెర్నలే. ల్యాప్‌టాప్‌లో వద్దనుకున్న లినక్స్‌నే ప్రపంచం జేబులో పెట్టుకుంది. ఫోన్‌లో స్టార్ట్ బటన్ ఉండాలని ఎవరూ ఎదురుచూడలేదు. కావాల్సిన యాప్స్ దొరికాయి, చాలు.

కాబట్టి మీరు లినక్స్ తీసేసి విండోస్ వేసుకుంటుంటే సిగ్గుపడాల్సిందేం లేదు. కాకపోతే ఒక్క ప్రశ్న వేసుకోండి: నా పనికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ కోసం వెళ్తున్నానా, లేక అలవాటు లాగుతోందా? పని కోసమైతే హాయిగా వెళ్ళండి. లినక్స్ డిస్క్‌ని విండోస్ మామూలుగా చదవలేదు, అందుకని ఫైళ్ళు ముందే వేరే చోటికి కాపీ చేసుకోండి. అలవాటు కోసమైతే మాత్రం ఇంకో నెల ఆగి చూడండి. ఏది ఉంచుకున్నా, ఎంచుకున్నది మీరే అయ్యుండాలి.

మీరెటు వెళ్ళారో, ఎందుకు వెళ్ళారో కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!