ఇంటిపనికి వెల కట్టుట



నేటి ప్రసంగవిషయము వినుటకు చిన్నదిగా తోచును. మడికొండలో గాని, కాజీపేటలో గాని, పండుగకు ముందు ఇల్లు బాగుచేయించుకొనదలచిన గృహస్థు ఒక పనివానిని పిలిచి, "మా యింటి కిటికీలు కడిగి, అద్దములు తుడిచి, జాలీల దుమ్ము దులుపుటకు ఏమి పుచ్చుకొందువు?" అని యడుగును. పనివాడు ఇల్లంతయు ఒకమారు తిరిగి చూచి, కిటికీల నెంచి, ఒక మొత్తము చెప్పును. గృహస్థు కొంత తగ్గించుమనును. బేరము కుదురును, లేదా తప్పిపోవును. ఇందు చరిత్ర యేమున్నదని మీ రడుగవచ్చును. ఒకరి యింటిపని చేయువాడు ఆ పనికి తానే వెల చెప్పుట ఈ గడ్డమీద మిక్కిలి క్రొత్త సంగతి. ఆ మాట అతని నోటికి ఎట్లు వచ్చెనో విన్నవించుటయే నా ఉద్దేశము.

పనికి వెల కట్టుటను గూర్చి మన పూర్వులు ఆలోచింపకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము మరుగుపడియుండి, 1905వ సంవత్సరమున మైసూరులో శ్యామశాస్త్రిగారికి తాళపత్రములలో దొరకి, 1909లో అచ్చుపడినది. అందు రజకుల జీతమునకు ఒక క్రమము కలదు. మేలివస్త్రమునకు ఒక పణము, మధ్యమమునకు అర్ధపణము, తక్కువదానికి పాతికపణము, ముతకబట్టకు ఒకటి రెండు మాషకములు. ఇచట వెల కట్టబడినది ఉతికిన బట్టకు గాని, ఉతికిన మనిషికి గాదు. ముందు మాటాడుకొన్న జీతము ఇచ్చితీరవలెననియు ఆ గ్రంథమే చెప్పుచున్నది. మాట లేనిచోట సేద్యగానికి పంటలోను, పసులకాపరికి నేతిలోను పదియవవంతు చెల్లవలెను. చేతిపనివారు మున్నగువారి విషయమున, అట్టి పని చేయు ఇతరు లెంత పుచ్చుకొందురో, లేదా ఆ పని తెలిసినవారు ఎంత తగునని చెప్పుదురో అంత యీయవలెను. ఈ కడపటి మాటను మనస్సున నుంచుకొనుడు. మరల దానితో పనిపడును.

మన ఓరుగల్లు నేలిన గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవులో ఒక అభయశాసనము వేయించెను. ఓడలపై వచ్చు వర్తకుల సొత్తును ఇకమీద బలిమిని లాగికొనబోమనియు, నిర్ణయించిన సుంకము మాత్రమే పుచ్చుకొందుమనియు దాని సారము. చెల్లవలసినది ఇంతయని ముందే తెలిసినచోట నమ్మకము కలుగును. నమ్మకము కలిగినచోట వ్యవహారము పెరుగును. అయితే ఓడవర్తకునకు శిలాశాసనము దొరకినది గాని, ఊరి పనివారికి దొరకినది ఆచారము మాత్రమే.

ఆ ఆచారమునకు మేర యని పేరు. మీలో పెద్దవయసువారు దానిని కన్నులార చూచినవారే. రజకుడు, మంగలి, కుమ్మరి, వడ్రంగి, కమ్మరి మొదలైనవారు ఏడాదిపొడుగున రైతు ఇంటిపనులు చేయుదురు. పంట నూర్చినపుడు కళ్లముమీద వారి వారి మేర కొలిచి యిత్తురు. రజకుల కుటుంబమునకు ప్రొద్దుగూకినపుడు ఇంటింట అన్నము పెట్టుటయు, పెండ్లిండ్లలో బట్టలు పెట్టుటయు దీనికి తోడు. ఇందలి మేలును మరువరాదు. జబ్బుపడినంతమాత్రమున పనివాని మేర తెగిపోయెడిది కాదు. రైతునకు చేతిలో డబ్బు లేకపోయినంతమాత్రమున పని ఆగిపోయెడిది కాదు. కాని లోపమును చెప్పవలెను. ఇంటిలో మనుష్యులు పెరిగినను, ఉతుకవలసిన బట్టలు రెట్టింపైనను మేర మాత్రము తాతలనాటిదే. పంట పోయిన యేట పని జరిగినను మేర యుండదు. "ఈ యేడు పని పెరిగినది, మరి రెండు కుంచములు కొలువుడు" అని యడిగెడి సందు లేదు. కుంచము రైతుచేతిలోనే యుండెడిది.

మేరకంటె హీనమైనది వెట్టి. నిజాము రాజ్యమున దొరల గడీలలోను, గ్రామమునకు వచ్చిన ఉద్యోగుల మకాములలోను ఊరి పనివారు వంతులవారీగ కూలి లేకయే చాకిరి చేయవలసివచ్చెడిది. ఊడ్చుట, నీరు మోయుట, బట్టలు ఉతుకుట, దీపములు తుడుచుట అన్నియు అందు చేరినవి. ఇచట వెల తక్కువయని చెప్పుటకైనను వీలు లేదు, వెలయే లేదు గనుక. 1921లో హైదరాబాదున ఏర్పడిన ఆంధ్రజనసంఘము వెట్టికి ఎదురుగా ప్రచారము చేసినది. దాని తరువాత 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను తొలిసారి కూడిన ఆంధ్రమహాసభ ఆ ప్రయత్నమును ముందునకు నడిపినది. మన మడికొండలో పెరిగిన కాళోజీ నారాయణరావుగారు ఆ మహాసభలో పనిచేసినవారే. 1940వ దశాబ్దమున పాలకుర్తిలో రజకస్త్రీయైన ఐలమ్మ, తాను కౌలుకు చేసిన పొలపు పంటను విసునూరు దేశముఖు కాజేయజూడగా, మహాసభవారి తోడ్పాటుతో ఆ ధాన్యమును తన యింటికే చేర్చుకొనెను. తన శ్రమఫలము తనదని ఒక పనిమనిషి చెప్పిన ఆ మాట ఊరూర మారుమ్రోగినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారతరాజ్యాంగము తన 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది.

ఇంతలో రెండవ మార్పు ఒకటి చాటుగా జరుగుచుండెను. 1889 నాటికి ఈ ప్రాంతపు రైలుమార్గము బెజవాడతో కలిసినది. కాజీపేట పెద్ద కూడలియైనది. 1934లో వరంగల్లున ఆజంజాహి మిల్లు వెలసినది. నెలకింతయని రొక్కపుజీతము తెచ్చుకొనువారు పెరిగిరి. వారికి కళ్లము లేదు, కొలుచుటకు మేర లేదు. కావున ఇంటిపనికి రోజుకూలి వచ్చెను. దాని వెంటనే గుత్త వచ్చెను. కూలి యనగా ప్రొద్దును అమ్ముట. గుత్త యనగా పనిని అమ్ముట. కూలిలో చురుకైనవాడును మందుడును సమానులు. గుత్తలో నేర్పరికి లాభము కలదు. ఇటలీనుండి అమెరికాకు వలసపోయి కిటికీలు తుడుచుచు జీవించిన ఎట్టోరె స్టెక్కోనె యనునతడు 1936లో ఇత్తడిపిడికి రబ్బరుపట్టీ తగిలించిన తేలిక పనిముట్టునకు హక్కుపత్రము పొందెను. అట్టి పనిముట్టుతో అద్దము తుడుచుట సగము కాలములో ముగిసినదనుకొనుడు. కూలివానికి సగము రోజు తెగును. గుత్తవానికి సగము రోజు మిగులును. అందుచేతనే స్వతంత్రముగ పనిచేయువాడు గుత్తనే కోరును.

ఇక కిటికీలనే యేల యెంచవలెను? మన పాతయిండ్ల మట్టిగోడలకు కిటికీలు కొన్నియే, చెక్కతలుపులు, ఇనుపచువ్వలు. ఇల్లలికి సున్నము వేయునపుడే వాని శుభ్రమును జరిగిపోయెడిది. సిమెంటు మేడలు, పెద్ద అద్దములు, దోమలజాలీలు వచ్చినపిమ్మట అది వేరుపని యైనది. కిటికీ లెక్కకు అనుకూలమైనది. ఇంగ్లండులో 1696 మొదలు 1851 వరకు ఇండ్లకు కిటికీల సంఖ్యనుబట్టి పన్ను వేసిరి. లోపలికి పోకయే వీథినుండి ఎంచవచ్చును గదా! పన్నునకు జడిసి జనులు కిటికీలను ఇటుకలతో మూసివేసికొనిరి. పన్నునకు చెడ్డదైన ఆ లెక్క, బేరమునకు మంచిది. ఇరువురును కనులతో చూచి యొప్పుకొనదగినది. అయితే అన్ని కిటికీలును ఒకటి కావు. నేలపై నిలిచి తుడుచునది వేరు, నిచ్చెనయెక్కి ప్రాణము చేతబట్టుకొని తుడుచునది వేరు. పండుగపండుగకు తుడిచిన అద్దము వేరు, సున్నపుచుక్కలు గట్టిపడిన క్రొత్తయింటి అద్దము వేరు.

చిన్న లెక్క యొకటి వేసి చూతము. పనివాని సంసారము గడచుటకు దినమునకు 800 రూపాయలు కావలెననుకొనుడు. నెలకు 24,000. నెల ముప్పది దినములైనను, వానలు, జబ్బులు, పని దొరకని నాళ్లు పోగా అతడు పనిచేయునవి ఇరువది దినములు. అనగా పనిదినమునకు 1,200 రావలెను. రాకపోకలకు, సబ్బునకు, గుడ్డలకు ఇంకొక 100. మొత్తము 1,300. దినమునకు రెండిండ్లు చేయగలిగినచో ఇంటికి 650. ఇంటికి పదుమూడు కిటికీలున్నచో కిటికీకి 50. గృహస్థు, "మూడుగంటల పనికి ఇంతయా?" యనును. ఆ మూడుగంటలలో పనిలేని పది దినముల తిండియు చేరియున్నదని అతనికి తోచదు. పూర్వము మేర అను పద్ధతి ఆ పది దినములను మోసెడిది. నేడు వానిని మోయవలసినది ఆ వెలయే.

కావున గృహస్థునకు మొదటి ధర్మము పని యంతయు ముందే చూపుట. పని సగమైనపిదప, "ఈ పంకాలును తుడిచిపొమ్ము" అనుట మేరలేని వెట్టియే. రెండవది, ఒప్పుకొన్నది ఆ సాయంకాలమే చేతిలో పెట్టుట. పనివానికిని ధర్మము కలదు. పని దొరకుటకై తక్కువ చెప్పి, పిదప మూలలు వదలిపోరాదు. లెక్క విప్పి చెప్పవలెను.

గ్రామపెద్దలకు ఒక మనవి. ఇట్టి తగవు మీయొద్దకు వచ్చినపుడు, "వీని తాత మాయింట ముద్దయన్నమునకే చేసెడివాడు" అను మాట కొలతగా రానీయకుడు. ఆ తాతను వెల యడిగినవారు లేరు. అట్టి పని చేయు ఇతరు లెంత పుచ్చుకొనుచున్నారో విచారించి, పని తెలిసినవారి నడిగి తీర్పు చెప్పుడు. కౌటిల్యుడు చెప్పిన నేర్పరుల స్థానము ఊరిలో మీదియే. వెల హెచ్చో తగ్గో బేరములో తేలును. దానిని చెప్పు నోరు మాత్రము ఎంతో కాలమునకు వచ్చినది. దానిని మూయింపకుండుట మన వంతు.