హెచ్‌ఎంఎస్ కెప్టెన్

హెచ్‌ఎంఎస్ కెప్టెన్ విక్టోరియా కాలపు బ్రిటిష్ యుద్ధనౌక. ఇనుప కవచం, రెండు టరెట్లు (ఫిరంగులుండే, తిరిగే ఇనుప గూళ్లు), వాటితో పాటు పూర్తిస్థాయి తెరచాపలు ఉన్న ఓడ ఇది. 1869 మార్చి 27న జలప్రవేశం చేసింది. 1870 సెప్టెంబరు 7న, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, స్పెయిన్‌లోని ఫినిస్టెర్ అగ్రం దగ్గర బోల్తాపడి మునిగిపోయింది. దాదాపు 480 మంది చనిపోగా, 18 మంది మాత్రం బతికి బయటపడ్డారు.

దీన్ని రూపొందించింది కౌపర్ కోల్స్ అనే నౌకాదళ అధికారి. క్రిమియా యుద్ధంలో, 1855లో, అజోవ్ సముద్రపు లోతులేని నీళ్లలో పీపాల తెప్పపై ఫిరంగి ఎక్కించి ఆయన రష్యన్ల మీద కాల్పులు జరిపించాడు. ఫిరంగిని ఇనుప గూటిలో పెట్టి, ఆ గూటినే తిప్పితే గురి కోసం ఓడను తిప్పే పని ఉండదన్న ఆలోచన ఆ అనుభవం నుంచి ఎదిగింది. ఓడ ఎంత తక్కువ ఎత్తులో ఉంటే శత్రువు గుళ్లకు అంత తక్కువగా చిక్కుతుందని కూడా ఆయన నమ్మాడు.

చిక్కంతా తెరచాపలతో వచ్చింది. అప్పటి ఆవిరి యంత్రాలు బొగ్గును విపరీతంగా తినేవి కాబట్టి సముద్రాలు దాటే ఓడకు స్తంభాలు, చాపలు తప్పనిసరి. అంత ఎత్తు స్తంభాలకు గాలి తగిలితే ఓడ పక్కకు ఒరుగుతుంది. దాన్ని నిలబెట్టాలంటే అంచులు ఎత్తుగా ఉండాలి. నౌకాదళ ప్రధాన రూపశిల్పి ఎడ్వర్డ్ రీడ్ తన టరెట్ నౌక మోనార్క్‌ను అలా ఎత్తైన అంచులతోనే కట్టించాడు. అది కోల్స్‌కు నచ్చలేదు. పత్రికలు, పార్లమెంటు ఆయన పక్షాన నిలిచాయి. చివరికి నౌకాదళాన్ని నడిపే అడ్మిరల్టీ తలొగ్గి, బర్కెన్‌హెడ్‌లోని లెయిర్డ్ సంస్థ చేత కోల్స్ కోరినట్టే ఓడ కట్టించడానికి ఒప్పుకుంది.

ఓడ పొడవు 320 అడుగులు. ఒక్కో టరెట్‌లో 25 టన్నుల బరువున్న 12 అంగుళాల ఫిరంగులు రెండేసి ఉండేవి. కట్టేటప్పుడు బరువు మీద అదుపు తప్పింది. ఓడ అనుకున్నదానికంటే 700 టన్నులకు పైగా బరువెక్కి, దాదాపు రెండడుగులు లోతుకు దిగింది. డెక్ అంచుకూ నీటికీ మధ్య ఆరున్నర అడుగులే మిగిలాయి.

1870 జులైలో పోర్ట్స్‌మత్‌లో ఓడను ఒరగనిచ్చి పరీక్షించారు. ఓడ సుమారు 14 డిగ్రీలు ఒరిగితే డెక్ అంచు నీళ్లలో మునుగుతుంది. తిరిగి నిలబడే బలం 21 డిగ్రీల దగ్గర శిఖరానికి చేరి, ఆ తర్వాత తరిగిపోతూ 54 డిగ్రీలకు పూర్తిగా పోతుంది. మోనార్క్‌కైతే ఆ బలం దాదాపు 40 డిగ్రీల వరకు పెరుగుతూనే ఉంటుంది. ఈ లెక్కలు తేలేసరికి కెప్టెన్ సముద్రంలో ఉంది. ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే విషయం ఇదే.

సెప్టెంబరు 6న ఓడ చూడటానికి వచ్చిన అడ్మిరల్ మిల్న్, గాలి వాటుకు ఒరిగిన వైపు డెక్ మీదుగా నీళ్లు పారుతుండటం గమనించి ఆందోళన చెందాడు. రాత్రి ఉండమన్నా ఉండకుండా తన ఓడకు వెళ్లిపోయాడు. ఆ రాత్రి తుఫాను రేగింది. చాపలు వదిలేయమని నౌకాధిపతి బర్గాయిన్ ఆజ్ఞ ఇచ్చాడు గానీ, అది అమలయ్యేలోపే ఓడ తిరగబడింది. బర్గాయిన్, కోల్స్ ఇద్దరూ పోయారు. నౌకాదళ మంత్రి చిల్డర్స్ కొడుకు కూడా మృతుల్లో ఉన్నాడు. అదే తుఫానును మోనార్క్ తట్టుకుంది.

నౌకాదళ నిపుణుల అభిప్రాయాన్ని కాదని, ప్రజాభిప్రాయానికి తలొగ్గి ఈ ఓడను కట్టారని కోర్ట్ మార్షల్ తీర్పు చెప్పింది. ఆ తర్వాత ఓడల రూపకల్పనలో ఒరుగుడు లెక్కలకు ప్రాధాన్యం పెరిగింది. తెరచాపలు లేకుండా రీడ్ రూపొందించిన టరెట్ నౌక డెవాస్టేషన్ మీద కూడా అనుమానాలు రేగడంతో, దాని స్థిరత్వాన్ని ఓ ప్రత్యేక సంఘం పరిశీలించింది. అది 1871లో జలప్రవేశం చేసి, దశాబ్దాల పాటు సేవలో ఉంది.