యాభై గ్రాముల చేదు

మధ్యాహ్నం కంచంలో మామూలు భోజనమే. కాకపోతే అందులో నూనె తీసేసిన మెంతిపొడి కలిపారు, యాభై గ్రాములు. రాత్రి భోజనంలో ఇంకో యాభై. పోపులో నాలుగు గింజలు మాడితేనే కూర చేదెక్కిందని గోల చేసే మనకు ఆ లెక్క వింటేనే గొంతు పట్టేస్తుంది. తింటున్న మనిషి ఇన్సులిన్ సూది మీద బతికే మధుమేహ రోగి. మొదటి ముద్దకే మొహం చిట్లించాడు. రెండో ముద్దకు మంచినీళ్లు అందుకున్నాడు. ఓ మూలన పెద్ద సీసా ఉంది. ఇరవై నాలుగు గంటల మూత్రం చుక్క పోకుండా అందులోకే పట్టాలి.

ఆ చిట్లింపు, ఆ మంచినీళ్లు, ఆ మూల నా ఊహ. గ్రాములూ రోజులూ ఫలితాలూ మాత్రం అచ్చులో ఉన్నవే.

ఈ పరిశోధన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థది. ఆ సంస్థ 1918లో మన తమిళనాడు కూనూరులోనే బెరిబెరి జబ్బు మీద విచారణ కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదు చేరింది. అక్కడి ఆర్.డి. శర్మ, టి.సి. రఘురాం, ఎన్. సుధాకర్ రావు ఎంచుకున్నది తేలికైన రోగులను కాదు. టైప్-1 వాళ్లను, అంటే ఒంట్లో ఇన్సులిన్ ఊట దాదాపు ఎండిపోయినవాళ్లను. వాళ్లు పదిమంది. మెంతులతో పది రోజులు, మెంతులు లేకుండా పది రోజులు. ఏది ముందన్నది చీటీ తీసినట్టే. రెండు విడతల్లోనూ తిండి కేలరీలు సమానం. ఎవరికి వాళ్లే పోలిక కాబట్టి 'వాడి ఒళ్లు వేరు, నా ఒళ్లు వేరు' అనే వాదనకు చోటు లేదు.

1990లో ఫలితాలు బయటికి వచ్చాయి. రోజంతా పట్టిన మూత్రంలో చక్కెర 54 శాతం తగ్గింది. పరగడుపు చక్కెర దిగింది. చెడు కొలెస్టరాల్ తగ్గింది, మంచిది అలాగే ఉంది.

ఎలా పని చేసింది? నానేసిన మెంతుల మీద వేలు పెడితే తెలుస్తుంది, జిగట. ఆ పీచు పేగులో తిండిని చుట్టుకుని చక్కెరను రక్తంలోకి మెల్లగా వదులుతుంది. కథ అక్కడితో ముగిసిందనే అనిపిస్తుంది. కానీ 1994లో అదే రఘురాం, శర్మ మరో ఇద్దరితో కలిసి ఇంకో మెలిక వేశారు. ఈసారి టైప్-2 రోగులకు రోజుకు పాతిక గ్రాముల మెంతులు పెట్టి, గ్లూకోజును నోటి ద్వారా కాకుండా నేరుగా నరంలోకి ఎక్కించారు. పేగు దారి మూసేశారన్నమాట. అయినా మెంతులు తిన్నప్పుడు ఆ గ్లూకోజు రక్తంలోంచి త్వరగానే దిగిపోయింది. అంటే జిగట ఒక్కటే కారణం కాదు. నా మటుకు నాకు 54 శాతం కన్నా ఈ ప్రయోగమే ముచ్చటేస్తుంది. జవాబు దొరికాక కూడా ఊరుకోకుండా దాన్నే నిలదీశారు చూడండి!

షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా ఐరోపాలోని గలేగా అనే మొక్క పుణ్యమే. అదీ మన మెంతి, ఉలవల చిక్కుడు కుటుంబానిదే. అందులోని సరుకును పట్టుకుని, దాని పోలికలో మందు తయారుచేసి, మోతాదు తేల్చి, 1957లో పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ రోగుల మీద ఫలితాలు ప్రకటించాకే అది మందయింది.

బేరిగై ఊరి టీ అంగడి కాడ షుగర్ మాట వస్తే ఇదంతా ఎవరికి కావాలి? "మెంతులు మింగుతావుంటే సూది ఎందుకన్నా?" అనే మాట మాత్రం ఠక్కున వస్తుంది. పదిమంది మీద పది రోజులు చేసిన పరీక్ష ఆ మాటకు సాక్ష్యం కాదు. సూది మానితే చక్కెర పెరుగుతుంది, కాలి పుండు మానదు. పుండులోని ఇన్ఫెక్షన్ మీద ఒళ్లు అదుపు తప్పి తిరగబడి, తన అవయవాలనే దెబ్బతీసుకుంటే అదే సెప్సిస్. అప్పుడు వినిపించే రెండో మాట "ఒక బాటిల్ ఎక్కించండి సార్."

ఆ సెలైన్ బాటిల్‌నూ నిలదీసినవాళ్లున్నారు. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో జ్వరంతో రక్తప్రసరణ దెబ్బతిన్న 3,141 మంది పిల్లల మీద కాథరిన్ మెయిట్‌లాండ్ బృందం పరీక్ష చేసింది. గబగబా సెలైన్ ఎక్కిస్తే బతుకుతారనే అందరూ అనుకున్నారు. 2011లో తేలింది వేరు. అలా ఎక్కించినవాళ్లలో 48 గంటల్లో 10.5 శాతం పోయారు, ఎక్కించనివాళ్లలో 7.3 శాతం. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఇది చూసి సెలైనే దండగ అనుకోకూడదు. పెద్ద ఐసీయూలున్న చోట సెప్సిస్‌కు సెలైన్ ఇప్పటికీ తొలి చికిత్సల్లో ఒకటే. ఎంత, ఎంతసేపు, ఎప్పుడు ఆపాలి అన్నదే చిక్కు.

ఆ చిక్కుకు దక్షిణ అమెరికా వైద్యులు 2019లో చూపిన పరికరం ఒక గాజు పలక. దాన్ని చూపుడువేలి కొస మీద పది సెకన్లు నొక్కి వదలాలి. తెల్లబడ్డ చోట మూడు సెకన్లలోపు ఎరుపు తిరిగొస్తే రక్తం అందుతున్నట్టు. అరగంటకోసారి ఇలా చూస్తూ చికిత్స చేసిన రోగుల్లో 28 రోజుల్లో 34.9 శాతం మంది చనిపోయారు, రక్తంలో లాక్టేట్ అనే పదార్థాన్ని కొలిచే పరీక్షను నమ్ముకుని చికిత్స చేసిన రోగుల్లో 43.4 శాతం. గణాంకాల గీటురాయి మీద ఆ తేడా కొంచెంలో తప్పిపోయింది. అయినా ఖరీదైన పరీక్షకు వేలికొస తీసిపోలేదు. దానితోపాటు గంటగంటకూ మూత్రం కొలత ఉండనే ఉంది. తార్నాకలో సాక్ష్యం చెప్పిన సీసాయే ఐసీయూ మంచం కింద సంచీగా వేలాడుతుంది.

మెంతులు తినేవాళ్లు తినండి. ఎంత తింటున్నారో డాక్టరుకు చెప్పండి, ఆయన చెప్పకుండా సూదీ మాత్రా ఆపకండి. షుగర్ ఉన్నవాళ్లకు జ్వరమొచ్చి ఆయాసపడుతున్నా, మాట తడబడుతున్నా, మూత్రం తగ్గినా ఊళ్లో బాటిల్ ఎక్కించి చూద్దామని రాత్రంతా ఆగకండి. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేర్చండి.