సిరపోషణలో విటమిన్ లోపం

నోటితో తినలేని, తిన్నా పేగులకు పట్టని రోగికి గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, కొవ్వు, లవణాలు నేరుగా సిరలోకి ఎక్కించడం సిరపోషణ. ఆసుపత్రుల్లో దీన్ని టీపీఎన్ అంటారు. సంచిలో కలపని విటమిన్ ఈ రోగికి మరో దారిన అందదు. సాధారణంగా అన్నిటికన్నా ముందు తరిగేది బి1 (థయామిన్). ఒంట్లో దాని నిల్వ సుమారు 30 మిల్లీగ్రాములే, రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. బి1 లేని ఒంట్లోకి గ్లూకోజు ఎక్కిస్తే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, గుండె దెబ్బతింటుంది.

బి1 లోపం వల్ల వచ్చే బెరిబెరి కోస్తాకు పాత జబ్బే. ఉత్తర సర్కారుల్లో దాని తీరుపై సైనిక వైద్యుడు మాల్కంసన్ 1835లోనే మద్రాసులో గ్రంథం ప్రచురించాడు. బాగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యంలో బి1 తవుడుతో పాటే పోతుంది, ఉప్పుడు బియ్యంలో చాలావరకు నిలుస్తుంది. 1930లలో ఐక్రాయిడ్ నాయకత్వాన కూనూరు పోషకాహార పరిశోధనశాల ఈ బియ్యం సంగతిని శ్రద్ధగా పరిశీలించింది. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలింది. 1936లో థయామిన్‌ను కృత్రిమంగా తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ 1886లో నెల్లూరులో, బాప్టిస్టు మిషనరీల ఇంట పుట్టినవాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) నడిపిన లెడర్లీ మందుల కంపెనీ బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. నేటి సిరపోషణ మల్టీవిటమిన్‌లో ఈ రెండూ ఉంటాయి.

1960ల ఆరంభంలో స్వీడన్‌లో సిరలోకి ఎక్కించదగిన కొవ్వు ద్రవం వచ్చింది. అమెరికాలో స్టాన్లీ డడ్రిక్ బీగిల్ కుక్కపిల్లలను సిరపోషణతోనే పెంచి చూపి, 1968లో ఫలితాలు ప్రకటించాడు. 1981లో, దీనిపైనే ఆధారపడిన ఒక పసిబిడ్డలో బయోటిన్ లోపం వల్ల జుట్టు రాలి, చర్మంపై దద్దుర్లు లేచిన ఉదంతం వెలువడింది. విటమిన్ ద్రవం కొరత వచ్చినప్పుడు బి1 లేకుండా సిరపోషణ పొందిన ముగ్గురు రోగులు మరణించినట్టు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 1989లో నివేదించింది. 2000లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ రోజువారీ మోతాదులను పెంచింది: బి1 3 నుంచి 6 మిల్లీగ్రాములకు, ఫోలిక్ ఆమ్లం 400 నుంచి 600 మైక్రోగ్రాములకు.

కలిపిన విటమిన్లూ నిలకడగా ఉండవు. ఎ, బి2 వెలుతురుకు చెడతాయి, అందుకే సంచికి తొడుగు వేస్తారు. వాడుకలో ‘సెలైన్ ఎక్కించడం’ అనేది సిరపోషణ కాదు. అలా ఎక్కించే 5 శాతం గ్లూకోజు లీటరు సీసాలో దాదాపు 170 కిలోకాలరీలు ఉంటాయి, విటమిన్ ఒక్కటీ ఉండదు.