‘పుల్!’ అనే కేక వెనుక కథ

గాలిలోకి విసిరిన మట్టిబిళ్లను తుపాకితో పగులగొట్టే క్రీడ ఒకటున్నది. ఆంగ్లేయులు దానిని క్లే పిజియన్ షూటింగు అంటారు. తెలుగు చేస్తే ‘మట్టి పావురాల వేట’. తుపాకి పట్టి నిలుచున్న క్రీడాకారుడు ‘పుల్!’ అని కేక వేయగానే బిళ్ల ఎగురుతుంది. పుల్ అంటే లాగమని అర్థం. ఈనాడు అక్కడ లాగేవాడూ లేడు, లాగవలసిన తాడూ లేదు. వస్తువు పోయినా దాని క్రియ భాషలో మిగిలిపోవడం మాటలకున్న స్వభావం. మీట నొక్కితే వెలిగే విద్యుద్దీపాన్ని మనం నేటికీ ‘ఆర్పుతూనే’ ఉన్నాము గదా! ఈ కేక వెనుక ఒకప్పుడు నిజంగానే ఒక తాడు ఉండేది. ఆ తాడు చివర ఒక మనిషి ఉండేవాడు. పోటీలోని న్యాయమంతా చాలావరకు ఆ మనిషి చేతిలో ఉండేది.

18వ శతాబ్దం చివరినాటికే ఇంగ్లండులో ప్రాణమున్న పావురాలను వదలి కాల్చే పందేలు వాడుకలోకి వచ్చాయి. లండనుకు పడమటి దిక్కున ఈలింగులో ‘ఓల్డ్ హ్యాట్స్’ అనే పానశాల ఈ పందేలకు పేరుపొందింది. నేలలో చిన్న గుంటలు తీసి, వాటిలో పావురాలను ఉంచి, పైన పాత టోపీలు బోర్లించి, సమయానికి తాడుతో ఆ టోపీలను లాగేవారని చెబుతారు. తరువాత టోపీల స్థానంలో మూతల పెట్టెలు వచ్చాయి. వాటిని ‘ట్రాప్’ అన్నారు. నేటి ఒలింపిక్ క్రీడకు ఆ పేరే నిలిచింది. పెద్ద పందేలలో అయిదు పెట్టెలు పేర్చేవారు. ఏ పెట్టె తెరచుకొంటుందో కాల్చేవానికి తెలియరాదు. తాళ్లు మాత్రం వెనుకనున్న మనిషి అధీనంలో ఉండేవి.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఆ మనిషి రవ్వంత ముందుగా లాగితే కాల్చేవాడు తొట్రుపడతాడు. రవ్వంత ఆలస్యం చేస్తే బిగపట్టిన ఊపిరి చెదురుతుంది. అతనికి దురుద్దేశం ఉండనక్కరలేదు, పరధ్యానం చాలు. అయితే ఫలితం విషయంలో మాత్రం తగవుకు చోటు తక్కువ. చచ్చిన పక్షి హద్దు లోపల పడితే లెక్కకు వస్తుంది, దాటి పడితే రాదు. సాక్ష్యం నేలమీద కనబడేది.

1900లో పారిస్ క్రీడల సందర్భంగా కూడా ఇటువంటి పావురాల పోటీ జరిగింది. బెల్జియం దేశీయుడు లియోన్ ద లుండెన్ 21 పక్షులను కూల్చి గెలిచాడు. కాని ఆ క్రౌర్యం మీద విముఖత అప్పటికే పెరుగుతూ వచ్చింది. 1921లో బ్రిటన్ చట్టం చేసి, బంధించిన పక్షులను వదలి కాల్చడాన్ని నిషేధించింది. అప్పటికి పావురానికి ప్రత్యామ్నాయం సిద్ధంగానే ఉన్నది. మొదట గాజు గోళాలు వచ్చాయి. 1880లో అమెరికాలోని సిన్సినాటి నివాసి జార్జ్ లిగోవ్‌స్కీ చదునైన మట్టిబిళ్లకు పేటెంటు పొందాడు. ఆ తొలి బిళ్లలు కాల్చిన మట్టివి, అతి గట్టివి. గుళ్లు తగిలినా ఒక్కొక్కసారి పగిలేవి కావు. తరువాతి కాలంలో సున్నపురాతి పొడినీ కీలునూ కలిపి పెళుసుగా చేశారు. నేటి ఒలింపిక్ బిళ్ల వ్యాసం 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు.

ఈ మార్పుతో పక్షులకు ప్రాణం దక్కింది. న్యాయనిర్ణేతకు మాత్రం సాక్ష్యం పోయింది. బిళ్లనుండి కంటికి కనబడే ముక్క ఒక్కటైనా ఊడితే తగిలినట్టు. వట్టి దుమ్ము లేస్తే తగలనట్టు. నేలమీద పడిన బిళ్లను తెచ్చి పరీక్షించడానికి అంతర్జాతీయ నియమాలు ఒప్పుకోవు. చూసినది చూసిన క్షణంలోనే చెప్పాలి.

ఇక కాలం సంగతి. ట్రాప్ పోటీలో బిళ్ల వేగం గంటకు సుమారు 100 కిలోమీటర్లు, అంటే సెకనుకు 28 మీటర్లకు దగ్గర. కేక విని మీట నొక్కడానికి మనిషికి సెకనులో అయిదోవంతు పడుతుందనుకొందాం. ఎగిరిన బిళ్ల ఆ కాస్త వ్యవధిలో అయిదు మీటర్లకు పైగా పోతుంది. మన ఛందశ్శాస్త్రంలో చిటికె వేసేంత కాలాన్ని ఒక మాత్ర అన్నారు. ఇక్కడ గెలుపోటములు ఆ మాత్రలోపే తేలిపోతాయి. అటువంటి కాలాన్ని ఒక మనిషి వేలికి వదలిపెట్టడం ఎంతవరకు సబబు?

ఈ ప్రశ్నకు రెండు క్రీడలు రెండు విధాలుగా సమాధానం చెప్పుకొన్నాయి.

మొదటిది ట్రాప్. కాల్చేవాని ఎదుట మైకు ఉంటుంది. కేక దానికి సోకగానే యంత్రం బిళ్లను విసురుతుంది. ఒలింపిక్ పోటీలలో గోతిలో 15 యంత్రాలు ఉంటాయి, ఒక్కొక్క నిలుపు చోటికి మూడేసి. ఎడమకో కుడికో నడిమికో తెలియదు. కాని 25 బిళ్లల ఆవృత్తం ముగిసేసరికి ప్రతివానికీ ఎడమకు 10, కుడికి 10, నడిమికి 5 వచ్చి తీరుతాయి. హైదరాబాదుకు చెందిన కైనన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్సులో పాల్గొన్నదీ, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం సాధించినదీ ఈ ట్రాప్‌లోనే.

రెండవది స్కీట్. 1920 ప్రాంతంలో అమెరికాలోని ఆండోవర్‌లో చార్లెస్ డేవిస్, విలియం హార్న్‌డెన్ ఫాస్టర్ మొదలైనవారు వేటకు అభ్యాసంగా దీనిని రూపొందించారు. 1926లో ఒక పత్రిక పేరు పెట్టే పోటీ జరిపితే, మోంటానా రాష్ట్రపు గెర్‌ట్రూడ్ హర్ల్‌బట్ పంపిన ‘స్కీట్’ అనే మాట గెలిచింది. 1968నుండి ఇది ఒలింపిక్ క్రీడ. ఇక్కడ కేక వేయగానే బిళ్ల రానక్కరలేదు. సున్న నుండి మూడు సెకన్లలోపు ఎప్పుడైనా రావచ్చు. అది కనబడేదాకా తుపాకి మడమను ఒంటిమీద మోచేతి దిగువనున్న గుర్తు దగ్గరే ఉంచాలి. పొదలోని పక్షి వేటగాని కేకకు కట్టుబడి ఎగరదు గదా! అమెరికా దేశీయ స్కీట్ తరువాతి కాలంలో ఈ రెండు నిబంధనలనూ వదలుకొన్నది. అంతర్జాతీయ స్కీట్ నిలుపుకొన్నది.

ట్రాప్ అందరికీ ఒకే కాలాన్ని ఇచ్చింది. స్కీట్ అందరికీ ఒకే అనిశ్చయాన్ని ఇచ్చింది. మార్గాలు వేరైనా తాడు లాగే చేతిని రెండూ నమ్మలేదు. యంత్రం కూడా తప్పుతుంది కనుక, కేకకు ముందే బిళ్ల లేచినా, పగిలి లేచినా ‘నో టార్గెట్’ అని రద్దు చేసే అధికారం రెఫరీకి మిగిలింది. అమెరికా ట్రాప్ నియమాలలో ఒక చక్కని ధర్మం ఉన్నది. బిళ్ల ముందుగా గాని ఆలస్యంగా గాని వచ్చిందనుకొంటే కాల్చకుండా తిరస్కరించవచ్చు. కాల్చితే మాత్రం ఫలితానికి కట్టుబడాలి. తిని రుచి బాగాలేదనడానికి వీలులేదన్నమాట.

ఇంతకూ యంత్రానికి అప్పగించినది సగం న్యాయమే. రెండవ సగం, అంటే తగిలిందా లేదా అన్న తీర్పు, కంటికే మిగిలింది. సహాయ రెఫరీలు చెయ్యెత్తి తమ అభిప్రాయం తెలుపుతారు, తీర్పు ప్రధాన రెఫరీదే. దీని ఫలం 2024 ఆగస్టు 4న కనబడింది. పారిస్ ఒలింపిక్సు మహిళల స్కీట్ తుదిపోటీలో చిలీ క్రీడాకారిణి ఫ్రాన్సిస్కా క్రొవెట్టో, బ్రిటన్‌కు చెందిన ఆంబర్ రట్టర్ చెరి 55 బిళ్లలతో సమంగా నిలిచారు. విజేతను తేల్చే అదనపు పోరులో రట్టర్ కాల్చిన ఒక బిళ్ల తగలలేదన్నారు. ఆమె అభ్యంతరం చెప్పింది, తీర్పు మారలేదు. 7–6తో స్వర్ణం క్రొవెట్టోకు దక్కింది. చిలీ మహిళ ఒకరు ఒలింపిక్ స్వర్ణం గెలవడం అదే మొదలు. దూరదర్శన్‌లో నెమ్మదిగా తిప్పి చూపిన దృశ్యంలో బిళ్లకు గుళ్లు తగిలినట్టే కనబడింది. ఇతర పోటీలలో వీడియో సమీక్ష ఉంటుందనీ ఇక్కడ లేదనీ రట్టర్ చెప్పింది. మూడు నెలల పసిబిడ్డ తల్లి ఆమె.

ఆ రెఫరీని తప్పుపట్టనక్కరలేదు. మానవనేత్రం చేయగలిగినంత చేసింది. గెలిచిన క్రొవెట్టో దోషమూ ఏమీ లేదు. కాని బిళ్లను వదిలే క్షణాన్ని మనిషి చేతినుండి తీసి యంత్రానికి ఇవ్వడానికి ఏ కారణం చెప్పారో, పగిలిన క్షణాన్ని చూడడానికీ ఆ కారణమే వర్తిస్తుంది. అంతటి మహోత్సవంలో ఇంటింటా ప్రేక్షకులు చూడగలిగిన దృశ్యం తీర్పు చెప్పవలసినవారికి అందకపోవడం వింతగా లేదూ?