పుట్టిన ఊరు – దొరికిన ఊరు

ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు విశేషాలు ఏవైనా రాసివ్వమని సంఘం కార్యదర్శిగారు కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను. రైల్వే గూడ్సు ఆఫీసుల్లో గుమాస్తాగా పనిచేసి పింఛను తీసుకుంటున్నవాణ్ణి. అయినా ఆ ఉద్యోగం నాకు నేర్పిన పాఠం ఒకటి చరిత్రకు కూడా పనికివస్తుందని ఈ మధ్య కొన్ని పుస్తకాలు చదువుతుంటే తోచింది. అదే ఇక్కడ మనవి చేస్తున్నాను.

గూడ్సు రశీదులో రెండు గళ్ళు ముఖ్యం. సరుకు ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగాలి. గుంతకల్లు యార్డులో ఒక వ్యాగను నిలబడి ఉందనుకోండి. అందులోని సరుకు గుంతకల్లుది అని ఏ గుమాస్తా రాయడు. రశీదు చూసి మార్కాపురం రోడ్డులో ఎక్కిందో, కంభంలో ఎక్కిందో, గిద్దలూరులో ఎక్కిందో చెబుతాడు. రశీదు పోతే మాత్రం ఆ సరుకు ఎవరిదో తేల్చడానికి తలప్రాణం తోకకు వస్తుంది. ప్రకృతిలోనూ, చరిత్రలోనూ మన పశ్చిమ ప్రకాశానికి ఇలాంటి రశీదుల కథలు ఉన్నాయి. రశీదు సరిగా ఉన్నవి కొన్ని, తప్పుగా ఉన్నది ఒకటి, అసలు లేనిది మరొకటి.

ముందు తప్పు రశీదు సంగతి. 1899లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే రెజినాల్డ్ పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు ఒక కొత్త రకం సాలీడును లోకానికి పరిచయం చేశాడు. దాని శాస్త్రీయ నామం పొయెసిలోథేరియా మెటాలికా. లోహంలా మెరిసే నీలం రంగు కనుక ఆ పేరు. ఆయన చేతికి అందింది ఒకే ఒక్క సాలీడు. అది దొరికింది గుత్తిలో, రైల్వే కలప నిలవచేసే చోట. అందుకని లోకం దానికి గుత్తి సాలీడు అని పేరు పెట్టుకుంది. గుత్తి నీలమణి అని ముద్దుగా పిలిచేవారూ ఉన్నారు.

ఆ తరువాత నూరేళ్ళకు పైగా ఆ సాలీడు ఎవరికీ కనిపించలేదు. మ్యూజియంలో ఉన్న ఆ ఒక్కటే దానికి సాక్ష్యంగా మిగిలింది. చివరికి 2001లో, అంటే సరిగ్గా 102 ఏళ్ళకు, అది మళ్ళీ కనిపించింది. ఎక్కడనుకున్నారు? గుత్తిలో కాదు. గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల ఈశాన్యంగా, నంద్యాలకూ మన గిద్దలూరుకూ మధ్యనున్న నల్లమల అడవిలో!

మరి 1899లో గుత్తికి ఎలా చేరినట్టు? రైలెక్కి వెళ్ళి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో సదరన్ మరాఠా రైల్వేవారు నల్లమలను దాటించి మీటరు గేజి లైను వేశారు. దొరబావి వంతెన మీదుగా, కొండల నడుమ సాగిన ఆ ప్రయాణం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1990లలో బ్రాడ్‌గేజి వచ్చాక ఆ పాత దారి మారింది. ఈ సాలీడు నేలమీద కాపురం ఉండేది కాదు. పెద్ద పెద్ద చెట్ల తొర్రల్లో గూడు అల్లుకుని, రాత్రిపూట బయటికి వచ్చి పురుగులను పట్టి తింటుంది. చెట్టును కొట్టి దుంగలు చేసి బండికెత్తినప్పుడు తొర్రలోని సాలీడు కూడా టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేసి ఉంటుంది. దిగిన ఊరే దాని ఊరని రాసుకున్నారు. ఎక్కిన స్టేషను గడి ఖాళీగా మిగిలిపోయింది. అది నింపడానికి 102 ఏళ్ళు పట్టింది.

ఈ సాలీడు కాళ్ళు చాచితే జానెడు వెడల్పు ఉంటుంది. ఆడది పది పన్నెండేళ్ళు బతుకుతుంది, మగది మూడు నాలుగేళ్ళే. కరిస్తే నొప్పి బాగానే ఉంటుందిగాని దీని కాటుతో మనిషి చనిపోయిన దాఖలా లేదు. అన్నిటికంటే వింత దాని నీలం రంగు. అది రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు. ఒంటిమీది నూగులో కంటికి కనపడనంత సన్నని అమరిక ఒకటి ఉండి, మీద పడిన వెలుతురులో నీలాన్ని మాత్రమే వెనక్కి కొడుతుంది. నెమలి పింఛం మెరుపు కూడా ఇలాంటిదే. అయితే నెమలి ఈకను అటూ ఇటూ తిప్పితే రంగు మారుతుంది, ఈ సాలీడు నీలం అంతగా మారదు. ఈ జాతి పెద్ద సాలీళ్ళలో నీలం రంగు కనీసం ఎనిమిదిసార్లు విడివిడిగా పుట్టిందని 2015లో ఒక పరిశోధన తేల్చింది. కళ్ళు జిగేలుమనకుండా, ఏ వైపునుంచి చూసినా ఒకేలా ఉండే రంగులను తయారుచేయడానికి ఇది దారి చూపుతుందని శాస్త్రజ్ఞుల ఆశ.

ఇక సరైన రశీదు సంగతి. మార్కాపురం పలక పట్టుకోకుండా అక్షరాలు దిద్దినవాళ్ళు మన తరంలో అరుదు. దేశంలో ఎన్నో బళ్ళకు ఆ పలకలు ఇక్కడినుంచే వెళ్ళాయి. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక బడి పలకకు గిరాకీ పడిపోయింది. ఇప్పుడు అదే రాయి ఇళ్ళ గోడలకు, నేలకు రంగురంగుల బిళ్ళలుగా పోతోంది. ఈ రాతిని విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు పరిశీలించి, 1872లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించిన గ్రంథంలో వర్ణించాడు. దానికి ఆయన పెట్టిన పేరు కంభం పలకరాయి. ఊరి పేరుతో సహా రాశాడు కనుక, ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయంలోనైనా కడప రాతి పొరలను గురించి చదివే విద్యార్థికి మన కంభం పేరు నోటికి వస్తుంది.

ఆ పలక వయసెంతో తెలుసుకోవడానికి పక్కనున్న ఒక చిన్న రైల్వే స్టేషను సాయపడింది. గిద్దలూరునుంచి నంద్యాల వెళ్ళే దారిలో, అడవి నడుమ చెలమ అనే స్టేషను పేరు రైల్వేవారికి తెలిసినదే. దాని దగ్గర లాంప్రోయిట్ అనే అరుదైన రాయి ఉంది. భూమి లోతుల్లోనుంచి కరిగి పైకి వచ్చి, పై పొరలను చీల్చుకుని గడ్డకట్టిన రాయి అది. ఆస్ట్రేలియాలో వజ్రాలకు పేరుపొందిన ఆర్గైల్ గనిలోది ఈ తరగతి రాయే. చెలమ రాయి వయసు సుమారు 140 కోట్ల సంవత్సరాలని లెక్కతేలింది. ఇప్పటికి తెలిసిన లాంప్రోయిట్లలో అతి పాతవాటిలో ఇదొకటి. చెలమ రాయి మన నల్లమల పొరలను చీల్చుకుని వచ్చిందంటే, ఆ పొరలు అంతకుముందే ఉండాలి కదా. అంటే మనం అ ఆలు దిద్దిన పలక 140 కోట్ల ఏళ్ళకంటే పాతది. అది బురదగా పేరుకున్ననాటికి భూమిమీద చెట్టూ లేదు, పక్షీ లేదు, పురుగూ లేదు. అందుకే ఆ పలకను ఎన్ని పొరలుగా చీల్చినా అందులో ఆకు అచ్చుగాని, ఎముక ముక్కగాని కనపడదు.

మూడోది, రశీదు లేని సరుకు. అదే మన కంభం చెరువు. రెండు కొండల మధ్య సందును కట్టతో మూసి గుండ్లకమ్మను ఆపారు. జంపలేరు నీరు కూడా ఇందులోకే వస్తుంది. చెరువు పొడవు సుమారు 7 కిలోమీటర్లు, వెడల్పు మూడున్నర కిలోమీటర్లు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ ఇంపీరియల్ గెజెటీరు ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు, నీరు వచ్చి చేరే ప్రాంతం 430 చదరపు మైళ్ళు. ఆయకట్టు సుమారు 10,300 ఎకరాలు. కట్టించింది ఎవరు? శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. గజపతులే కట్టించారనే మాటా ఉంది. రాణి పేరు నిలిచింది, సంతోషమే. మరి కొండ సందును చూసి ఇక్కడే కట్ట వేయాలని చెప్పిన మేస్త్రి ఎవరు? మట్టి మోసిన కూలీలు ఎందరు? ఎన్నేళ్ళు పట్టింది? ఈ సంగతులు జనం నోట నిలవలేదు.

గిద్దలూరుకు దక్షిణాన ఉన్న పోరుమామిళ్ళ చెరువును దీనితో పోల్చి చూడండి. అక్కడి చెరువుకు 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువును తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాతిపనికి వంద బండ్లు, రెండేళ్ళ కాలం అని అందులో లెక్క ఉంది. అంతేకాదు, మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెక్కించారు. కట్టనుంచి నీరు ఊరడం, చవుడు నేల, నీటికి మించిన భూమి, భూమికి మించిన నీరు, ఇలాంటివన్నీ దోషాలట. వాటిలో ఒకటి చదివి నాకు నవ్వు వచ్చింది. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం కూడా ఒక దోషమే!

2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్‌వారు కంభం చెరువునూ, పోరుమామిళ్ళ చెరువునూ ఒకే ఏడాది ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాలుగా గుర్తించారు. గౌరవం ఇద్దరికీ సమానమే. కాని పోరుమామిళ్ళవారి చేతిలో 650 ఏళ్ళనాటి రశీదు ఉంది. మన చేతిలో ఉన్నది పెద్దలు చెప్పిన మాట.

సరిహద్దు దోషం అన్నారు కనుక ఇంకొక్క మాట. మన ప్రాంతం ఎప్పుడూ ఏదో ఒక జిల్లాకు అంచునే ఉంటూ వచ్చింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లావి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అందువల్ల మన పాత సంగతులు కావాలంటే ఒంగోలు పుస్తకాల్లో వెతికితే లాభం లేదు. నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారు 1886లో వెలువరించిన కర్నూలు జిల్లా మాన్యువల్‌లో చూడాలి. జిల్లాలు మారినప్పుడల్లా కాగితాలు ఒక ఊళ్ళో, మనుషులు ఇంకో ఊళ్ళో ఉండిపోతారు. సర్వీసు రిజిష్టరు ఒక ఆఫీసులో చిక్కుకుపోయి పింఛను ఆలస్యమైన మిత్రులకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక ఆ నీలం సాలీడు గతేమిటన్న ప్రశ్న మిగిలింది. దాని అసలు ఊరు తెలిసింది, మంచిదే. తెలిసినందువల్ల ఒక ప్రమాదం కూడా వచ్చింది. యూరప్, అమెరికా దేశాల్లో దీన్ని గాజుపెట్టెల్లో పెంచుకునేవారు ఉన్నారు, అమ్మేవారూ ఉన్నారు. పుట్టిన గడ్డమీద మాత్రం దాని బతుకు కష్టంగానే ఉంది. 2008లో దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల పట్టికలో చేర్చారు. అప్పటికి తెలిసిన దాని నివాసం 100 చదరపు కిలోమీటర్లకు లోపే. వంటచెరకుకూ కలపకూ పెద్ద చెట్లు పడిపోతే దానికి తొర్ర దొరకదు. 2019లో ఈ జాతి సాలీళ్ళన్నిటినీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందంలో చేర్చారు. కనుక దాని విషయంలో ఊరి పేరు గట్టిగా చెప్పుకుందాం, ఫలానా చెట్టు అని మాత్రం ఎవరికీ చూపించవద్దు. అడవిలో చనువున్న చెంచు సోదరులకూ, అటవీశాఖవారికీ తెలిస్తే చాలు.

మన సభ్యులకు నా మనవి ఇది. పోకాక్ పెద్ద శాస్త్రజ్ఞుడే, సాలీడును చక్కగానే వర్ణించాడు. ఆ కలప ఏ స్టేషనునుంచి వచ్చిందన్న ఒక్క ముక్క ఆ సాలీడుతోపాటు లండన్ చేరి ఉంటే నూరేళ్ళ వెతుకులాట తప్పేది. ఆ ముక్క గుత్తిలో ఎవరో ఒక గుమాస్తాకు తెలిసే ఉంటుంది, ఎవరూ అడిగి ఉండరు. మనం అందరం అలాంటి గుమాస్తాలమే. చెరువు తూముల పేర్లు నీటిపారుదల శాఖలో చేసినవారికి తెలుసు. పాత సర్వే రాళ్ళు రెవెన్యూవారికి తెలుసు. ఏ పలకల గని ఎప్పుడు మూతపడిందో, ఏ ఊరి బడి ఎప్పుడు తెరిచారో తెలిసినవారు మనలోనే ఉన్నారు. మనవళ్ళ నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు చాలు. సంగతి, ఊరు, సంవత్సరం, ఎవరు చెప్పారు, ఈ నాలుగు గళ్ళు నింపి సంఘం కార్యాలయంలో ఇవ్వండి. ముత్యాల్లాంటి దస్తూరీ అక్కరలేదు. ఎక్కిన స్టేషను గడి మాత్రం ఖాళీగా వదలకండి.