చిన్న క్రియల పెద్ద పని

ఆక్స్‌ఫర్డ్ బాన్‌బరీ రోడ్డులో నిఘంటువు సంపాదకుడు జేమ్స్ మర్రే పెరట్లో ఇనుపరేకుల షెడ్డు ఒకటుండేది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు చాలావరకు అక్కడే రూపుదిద్దుకుంది. పాఠకులు పుస్తకాల్లోంచి ఎత్తిరాసి పంపిన వాక్యాల చీటీలు గోడల గూళ్ల నిండా ఉండేవి. ఆయన పిల్లలు వాటిని అక్షరక్రమంలో సర్ది జేబుఖర్చు సంపాదించుకునేవారు.

గంభీరమైన లాటిన్ మాటలతో అంత పేచీ లేదు. ఊపిరి సలపనివ్వనిది ‘సెట్’. సూర్యుడు సెట్ అవుతాడు, విరిగిన ఎముకను సెట్ చేస్తారు, ఉంగరంలో రాయినీ, ఎలుకలకు బోనునూ అంతే. ఒక్కో వాడుకకు చీటీల కుప్ప వేసి, ఏది ఎప్పటిదో తేదీలు చూసి వరస తేల్చాలి. 1928లో పూర్తయిన మొదటి కూర్పులో అన్నిటికన్నా పొడవైన పద్దు అదే. మర్రే 1915లోనే కన్నుమూశాడు.

ఈ శతాబ్దంలో అదే నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన పీటర్ గిల్లివర్ ‘రన్’ ఒక్కదాని మీదే తొమ్మిది నెలలకు పైగా కూర్చుని 645 అర్థాలు తేల్చాడు. నది, ముక్కు, బట్టల రంగు, దుకాణం, ఎన్నికల అభ్యర్థి, అన్నీ అందులోకే వస్తాయి.

పత్రికలో ప్రూఫులు దిద్దే నాకు ఆ తొమ్మిది నెలలు ఎక్కువనిపించవు. మన ‘పడు’ చూడండి: వాన, జీతం, పేరు, కన్ను, కష్టం. దీనికీ అంత ఓపికగా, తేదీలతో సహా చరిత్ర రాయాలి.